ఎర్రదారంతో కుట్టిన పాకెట్లు

మా మామయ్య పోయారన్న కబురు నాకు మధిరలో అందింది. తమ్ముడి కూతురి బారసాలకని పుట్టింటికి వచ్చి రెండు రోజులైంది. పక్కనున్న కిరాణా కొట్టులో ఫోన్ ఉంది. ఆ కొట్టాయన చేతులకంటిన పిండి దులుపుకుంటూ మా వాకిట్లోకి వచ్చి, "అమ్మాయ్, కొత్తగూడెం నుంచి మీ ఆయన ఫోన్ చేశాడు. మీ మామగారు పోయారంట" అన్నాడు.

"ఎక్కడ?" అన్నాను.

ఆయన నన్ను వింతగా చూశాడు. ఎప్పుడు పోయారు, ఎలా పోయారు అని అడుగుతారు గానీ, ఎక్కడ పోయారని ఎవరడుగుతారు? ఆయనకి జవాబు తెలీదు. నేనే పరుగెత్తి ఫోన్ అందుకున్నాను.

"ఇంటి ముందటనే" అన్నాడు మా ఆయన. "పొద్దుగాల గ్రౌండుకు పోయొచ్చిండు. వేపచెట్టు కింద మంచం మీద కూసొని చాయ్ తాగిండు. గ్లాసు కింద వెట్టిండు, పక్కకు ఒరిగిండు. గంతే."

"అమ్మయ్య" అన్నాను. పైకే అన్నాను. కొట్లో పప్పు కొలిపించుకుంటున్న ఒకావిడ నోరు నొక్కుకుని నావైపు చూసింది. మామ పోతే అమ్మయ్య అనుకునే కోడళ్ళు కూడా ఉంటారా అని ఆవిడ ఊరంతా చెప్పే ఉంటుంది. చెప్పనివ్వండి. ఆ అమ్మయ్య వెనక ఏముందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా కాలనీలో ఆయన్ని అందరూ గ్రౌండు మేస్త్రి అనేవారు. కొత్తగూడెం నుంచి భద్రాచలం అడవి వైపు వెళ్ళే దారిలో, గనివాళ్ళ క్వార్టర్లు వరసగా కట్టిన కాలనీ మాది. క్వార్టర్లు అయిపోయిన చోట ఫుట్‌బాల్ గ్రౌండు, గ్రౌండు అయిపోయిన చోట టేకుచెట్లు. నేను కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. నేను రావడానికి కొంచెం ముందే మామయ్య బాయిలోంచి పైకి వచ్చారు. మా మధిర వైపు బాయి అంటే చేలో నీళ్ళుండే బావి. ఇక్కడ మాత్రం బాయి అంటే బొగ్గుగని. అది తెలీక, "మామయ్య బాయిలో పడ్డారా?" అని పెళ్ళైన కొత్తలో నేనడిగితే మా అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

నిజానికి నవ్వే సంగతి కాదు. లోపల పైకప్పు కూలింది. ఆయన పక్కన బొగ్గు టబ్బు నింపుతున్న జోడీ మనిషి అక్కడికక్కడే పోయాడు. మామయ్య కాలు రాళ్ళ కింద ఇరుక్కుంటే సగం షిఫ్టు ఆ చీకట్లోనే ఉండిపోయారట. దవాఖానాలో చాలాకాలం ఉన్నాక, కాలు పనికిరాదని రాసి, బయటి పని ఇచ్చారు. ఆ పనే గ్రౌండు.

కుంటుతూ నడిచేవారు. ఒకరోజు ఎడమ కాలు కుంటేవారు, ఒకరోజు కుడి కాలు. పాపం, రెండు కాళ్ళకీ దెబ్బ తగిలిందేమో అనుకునేదాన్ని. అంతకంటే ఎక్కువ ఆలోచించే తెలివి అప్పట్లో నాకు లేదు.

గ్రౌండంటే ఏదో పచ్చటి మైదానం ఊహించుకోకండి. గనిలోంచి బొగ్గుతో పాటు తీసి పారేసిన రాళ్ళూ మట్టీ పోసి, రోలరుతో తొక్కించిన నేల అది. పిల్లలు ఆడి వస్తే మోకాళ్ళ మీద చర్మం ఉండేది కాదు. గాలి లేస్తే దుమ్మంతా మా వంటింట్లోకి. మామయ్య అంతకుముందు ఏడాది యూరియా చల్లారు. ఉన్న నాలుగు పోచలూ మాడిపోయాయి. మిగిలిన యూరియాని వాన కొట్టుకుపోయి వాగులో కలిపింది.

ఆ వేసవిలో సంక్షేమం చూసే ఆఫీసరు గ్రౌండుకి వచ్చి తేల్చి చెప్పేశాడు. "పంద్రాగస్టు పోటీలకు పెద్ద సార్లందరూ వస్తరు మేస్త్రీ. అప్పటికి గ్రౌండు పచ్చగ కనిపించాలె. లేకుంటే ఈ పోస్టే తీసేస్తరు. నీకు మళ్ళ బాయే."

ఆరోజు మామయ్య అన్నం ముందు కూర్చుని తినకుండా లేచారు. అత్తమ్మ గొణిగింది గానీ అడగలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ సూటిగా అడగరు. నాకేమో అడక్కపోతే అన్నం అరగదు. కానీ కొత్త కోడల్ని కదా, నోరు మూసుకున్నాను.

ఆయన్ని ఆదుకున్నది వ్యవసాయాఫీసులో పనిచేసే ఒక కుర్ర సారు. మా కాలనీ చివర కిరాయికి ఉండేవాడు. సాయంత్రాలు గ్రౌండులో ఫుట్‌బాల్ ఆడి, రోజూ మోకాళ్ళు చెక్కుకుని ఇంటికి వెళ్ళేవాడు. తన మోకాళ్ళ మీద జాలితోనో, మామయ్య మీద జాలితోనో, ఒకరోజు సైకిల్ వెనక ఆరు పాకెట్లు కట్టుకుని తెచ్చాడు. పాకెట్ నిండా తడితడిగా నల్లటి పొడి. అందులో కంటికి కనిపించని జీవులు ఉంటాయనీ, అవి గడ్డివేళ్ళని పట్టుకుని గాలిలోని నత్రజనిని వాటికి అందిస్తాయనీ చెప్పాడట. దాని పేరు అజోస్పిరిల్లం. మామయ్య నాలుగుసార్లు పలికి చూసి, ఐదోసారి వదిలేసి, "సన్నజీవాలు" అని పేరు పెట్టుకున్నారు.

"జీవాలంటె గొర్లు, మేకలు. గీ పొడిల జీవాలేంది?" అంది అత్తమ్మ.

"ఉంటయట. తొలకరి దాకా సల్లగ ఉంచాలె, తడి ఆరొద్దు" అని, మామయ్య వాటిని గోనెపట్టలో చుట్టి, నీళ్ళ రంజన్ కింద ఇసుకలో పెట్టారు.

ఇదంతా జరిగినప్పుడు నేను ఇంట్లో లేను. మధిరలో, మా అమ్మ దగ్గర మామిడికాయలు తరుగుతున్నాను. నేను తిరిగొచ్చాక ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు కూడా.

వచ్చిన మర్నాడు రంజన్ కడుగుదామని గోనెపట్ట తీశాను. చూస్తే ఐదు పాకెట్లు! మీద వ్యవసాయాఫీసు ముద్ర, ముద్ర మీద నీటి చెమట, లోపల ముద్దముద్దగా నల్లటి పొడి. అయ్యో, రంజన్ కారి మామయ్య గ్రౌండు మందంతా తడిసిపోయిందే అనుకున్నాను. నేను పుట్టింది వడ్లు, మిరపకాయలు, పెసలు, కందులు, ఏది ఇంటికొచ్చినా ముందు ఎండలో పోసి, ఆ తర్వాతే గాదెకెక్కించే ఇంట్లో. తడిగా ఉన్నదేదైనా బూజు పట్టేలోగా ఎండబెట్టాలని మా అమ్మ నాకు అన్నం తినడంతో పాటే నేర్పింది. ఇక ఈ కాలనీలోనేమో తడిసిన బొగ్గుపొడిని ఆరబోయని వాకిలి లేదు. పుట్టిల్లూ అత్తిల్లూ రెండూ ఒకే మాట చెప్తుంటే ఇంకేం ఆలోచిస్తాను?

అత్తమ్మ ఆరోజు పొద్దున్నే చుట్టాలింటికి వెళ్ళింది. వాకిట్లో పాత చీర పరిచాను. ఐదు పాకెట్ల మూతులూ కత్తెరతో కోశాను. పొడంతా పోశాను. కొత్తగూడెం మే నెల ఎండ. గంటకోసారి వెళ్ళి, అరికాళ్ళు కాలుతున్నా లెక్కచేయకుండా, చేత్తో తిరగేసి మరీ ఎండబెట్టాను. సాయంత్రానికి ఆ పొడి వేళ్ళ సందుల్లోంచి బూడిదలా జారిపోయింది. మళ్ళీ పాకెట్లలో నింపి, సూదిలో ఎర్రదారం ఎక్కించి, మూతులు వరసగా కుట్టి, ఉన్నచోటే పెట్టేశాను. ఎంత పనిమంతురాలివే అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా చేసిన మంచిపనికి విలువెక్కువని ఎక్కడో విన్నాను.

మూడు రోజుల తర్వాత ఆ కుర్ర సారు మా ఇంటికి వచ్చాడు. నేను వంటింట్లో చాయ్ వడపోస్తున్నాను. ముందు గదిలోంచి ఆయన మాట స్పష్టంగా వినిపించింది.

"ఒక్కటే జాగ్రత్త మేస్త్రిగారూ. ఎండ తగలనివ్వకండి. ఒక్కరోజు ఎండలో ఆరిందంటే అందులో ఉన్నవన్నీ చచ్చిపోతాయి. ఇక మిగిలేది ఉత్త బొగ్గుపొడే."

"నీడకే ఉన్నయ్ సారూ. రంజన్ కింద" అన్నారు మామయ్య.

చాయ్ గ్లాసులోకి కాదు, నా చేతిమీదకి పోసుకున్నాను. అప్పుడే చెప్పేయాల్సింది. రెండడుగులు వేస్తే ముందు గది. కానీ ఆ రెండడుగులూ పడలేదు. నీకు మళ్ళ బాయే అని ఆ ఆఫీసరు అన్న మాట, అన్నం ముందు నుంచి లేచిపోయిన మామయ్య మొహం, రెండూ కళ్ళముందు కదిలాయి. ఇంటికొచ్చి ఏడాది కాలేదు, మామగారిని మళ్ళీ గనిలోకి దింపిన కోడలిననే పేరు తెచ్చుకోబోతున్నాను.

తొలకరి పడింది. మామయ్య వాగు ఒడ్డు నుంచి గరిక తవ్వి తెచ్చి, కణుపులు చూసి ముక్కలు కోసి, గోనెసంచుల్లో సిద్ధంగా పెట్టుకున్నారు. పొడిని గంజిలో కలిపి, ఆ ముక్కల వేళ్ళు అందులో ముంచి నాటాలని కుర్ర సారు చెప్పాడట. నేను గంజి వార్చి బకెట్‌లో పోస్తుంటే ఆయన రంజన్ కింది నుంచి పాకెట్లు తీశారు. ఒకటి చేతిలో పట్టుకుని, తిప్పి, ఆ ఎర్ర కుట్టు చూశారు.

"ఇవి ఎవరు కుట్టిండ్రు బిడ్డా?"

"నేనే మామయ్యా. ఎలుక కొరికింది. అందుకని..."

ఆ అబద్ధం నా నోట్లో ఎప్పుడు పుట్టిందో నాకే తెలీదు. ఆయన ఇంకాసేపు ఆ కుట్టునే చూశారు.

"మంచిగ కుట్టినవ్" అని, పాకెట్లు గంపలో వేసుకుని, కుంటుకుంటూ వెళ్ళిపోయారు. ఆరోజు కుడి కాలు.

ఆ తర్వాత నెలరోజులూ నాకు నరకమే. మధ్యాహ్నం ఆయనకి అన్నం క్యారేజీ తీసుకెళ్ళడం నా పని. గ్రౌండు ఈ చివర పంపుషెడ్డు, ఆ నీడలో ఆయన భోజనం. నాటిన గరిక ముక్కలు ఎక్కడివక్కడే పసుపు రంగులోకి తిరిగి, బొగ్గు రాళ్ళ మధ్య నక్కి ఉండేవి. ఒక్క కొత్త పోచ వచ్చిందా అని వంగి చూసేదాన్ని. వచ్చేది కాదు. ఆయన మాత్రం తాపీగా తుంగ పీకుతూ, "జల్దీ చెయ్యమంటె మనిషి చేస్తడు బిడ్డా, గడ్డి చెయ్యదు" అనేవారు. అలా ఆయన నన్ను ఓదారుస్తుంటే నాకు ఏడుపొచ్చేది. చెప్పులతో ఎప్పుడూ గ్రౌండులో అడుగుపెట్టేవారు కాదు. ఆ బోడి నేల అంచున కూడా చెప్పులు విడిచి, పక్కపక్కనే సర్ది, వట్టికాళ్ళతో వెళ్ళేవారు. గడ్డి లేని చోట ఆ మర్యాద చూస్తుంటే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

జూలై నడుమ ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. నేను క్యారేజీ విప్పుతున్నాను. అతను బూటుతో ఒక గరిక ముక్కని తన్నితే వేళ్ళతో సహా లేచొచ్చింది.

"ఏంది మేస్త్రీ ఇది? నెల రోజులే ఉన్నది. నేను పైకి ఏం రాయాలె?"

"పచ్చగైతది సారూ."

"కాకపోతే నన్ను అనొద్దు మరి."

అతను జీపెక్కి వెళ్ళిపోయాడు. మామయ్య చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. అన్నం కలుపుతుంటే మెతుకులు కిందపడ్డాయి. నేనిక ఆగలేకపోయాను.

"మామయ్యా, ఎలుక కొరకలేదు."

"ఏ ఎలుక?"

"ఆ పాకెట్లు! నేనే కోశాను. తడిసిపోయాయనుకుని ఎండబెట్టాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా. తిరగేసి తిరగేసి ఎండబెట్టాను. అందులోవన్నీ చచ్చిపోయాయి. మీరు మళ్ళీ బాయిలోకి పోవాల్సొస్తే అది నేను చేతులారా చేసిందే." అంటూనే భోరుమన్నాను.

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, నీళ్ళు తాగి, అప్పుడు అన్నారు.

"అయిదు పాకెట్లుంటె అయిదింటిని మూతి కాడ్నే, కత్తెరతోటి కోసినట్టు కొరికిందంటివి. అబ్బ, ఎంత బుద్ధిగల్ల ఎలుక అనుకున్న."

ఏడుస్తున్నదాన్ని ఆగిపోయాను. "మీకు తెలుసా?"

"చేతిల పట్టంగనే ఎరుకైంది. సారు తెచ్చిన్నాడు బరువుగుండె. నాటెనాడు చూస్తె దూదోలె ఉండె. ఇప్పి చూస్తె వట్టి బూడిద."

చెప్పొద్దూ, నాకు కోపం వచ్చింది. మామగారన్న మాట కూడా మరిచిపోయాను. "తెలిసి నెలరోజులు ఊరుకున్నారా? నాకు అన్నం సయించడం లేదు. ఇక్కడికి రావాలంటే కాళ్ళు రావడం లేదు. ఒక్కమాట అడిగితే ఏం పోయింది? తిడితే ఏం పోయింది?"

"భయపడ్డోళ్ళను అడిగితె ఇంకో అబద్ధం చెప్తరు బిడ్డా. వాళ్ళే రావాలె." ఆయన చుట్టూ ఒకసారి చూశారు. ఎండవేళ, గ్రౌండులో పురుగు లేదు. "నువ్వు ఎలుక అన్నవ్. నేనేమన్ననో ఎరుకనా? చూడు."

లేచారు. పంపుషెడ్డు దగ్గర్నుంచి గ్రౌండు మధ్యదాకా నడిచి వెళ్ళి, తిరిగి నడిచొచ్చారు. తిన్నగా, చకచకా, మా ఆయన నడిచినట్టే. కుంటడం లేదు.

క్యారేజీ మూత పక్కన పెట్టి లేచి నిలబడ్డాను.

"కాలు ఆర్నెల్లకే మంచిగైంది" అన్నారు మామయ్య, మళ్ళీ కంచం ముందు కూర్చుని. "భయమే పోలే. బాయి మొకం కాడికి పోతె చెమటలు పడ్తుండె. లోపలికి దిగితె మా జోడీగాడు పిలిచినట్టే ఉండేది. దవాఖానల పోయి నాకు భయమైతున్నది అంటె బయటి పని ఇస్తరా? నవ్వుతరు. గందుకే కాలు అన్న. అన్నంక ఇగ కుంటాలె గద. ఏ కాలన్ననో ఒక్కోసారి యాదికి రాదు."

నవ్వొచ్చింది. ఏడుపూ ఉంది. రెండూ ఒకేసారి వస్తే ముక్కు తుడుచుకోవడం తప్ప ఇంకేం చేయలేం.

"అత్తమ్మకి తెలుసా?"

"తెల్వదు. చెప్పకు. ఎన్నడన్న నేనే చెప్త." కంచంలో చెయ్యి కడిగి లేచారు. "ఇగ దా, నీకు ఒకటి చూపిస్త."

గ్రౌండు ఆ చివరకి నేను ఎప్పుడూ వెళ్ళలేదు. అపరాధికి అంతదూరం నడిచే ధైర్యం ఎక్కడిది? అక్కడ గోల్‌పోస్టు ముందు, రెండు మంచాల మేర పచ్చగా ఉంది! గరిక కణుపు కణుపుకీ వేళ్ళు దించి, ఒకదాని మీదొకటి పాకుతోంది. చెప్పులు విడిచి దానిమీద నిలబడ్డాను. మెత్తగా, చల్లగా, ప్రాణం లేచొచ్చినట్టు అనిపించింది. మీరు నమ్మరు గానీ, నా పెళ్ళినాడు కూడా అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోలేదు.

సంగతేమంటే, కుర్ర సారు తెచ్చినవి ఆరు పాకెట్లు. సైకిల్ మీద రావడంలో ఒకటి చిరిగింది. చిరిగినదాన్ని దాచడం ఎందుకని మామయ్య ఆరోజే దాన్ని మాగిన పేడ ఎరువులో కలిపి, పంపుషెడ్డు వెనక నీడలో కుప్ప చేసి, తడిగోనె కప్పి పెట్టారు. దినమూ నీళ్ళు చిలకరించారు. ఆ కుప్పలోంచి కొంచెం తీసి ఆ గోల్‌పోస్టు ముందు చల్లి చూశారు. మిగతా గ్రౌండంతా ఏమీ లేకుండా ఉత్తదే నాటారు, వాన దాటిపోతుందని.

"కుప్ప ఇంకొంచెమే ఉన్నది. దాన్ని పెంచాలె. పేడ గావాలె, నీళ్ళు గావాలె, ఒక్కన్నే ఉన్న" అన్నారు. నేను కొంగు బిగించాను.

ఆ నెలరోజులు నేను చేసిన పని చెబితే మా అమ్మ కూడా నమ్మలేదు. అడవి అంచు గిరిజన పల్లెలో పశువుల కొట్టాల వెనక ఏళ్ళ తరబడి మాగిన పేడ ఉండేది. అక్కడి ఆడవాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకి అంతంతమాత్రం. చేతులతో చెప్పుకుని, నవ్వుకుని, గంపలకెత్తించుకునేవాళ్ళం. కుప్పమీద పేడ, పేడమీద తడి, తడిమీద గోనె. రోజుకి రెండుసార్లు నీళ్ళు. ఎండ పొడ పడిందంటే నా పాత చీరలు కూడా అడ్డం కట్టేదాన్ని. మొదట్లో పొడిని ఎండలో పోసినప్పుడు పరిచింది కూడా అందులో ఒకటే. అత్తమ్మ నాలుగు రోజులు చూసి, "మామకు తగ్గ కోడలే దొరికింది. పెంటకుప్పకు గొడుగు వట్టేటోళ్ళను ఈడనే చూసిన" అని తిట్టి, ఐదోరోజు తనే ఒక గంప నెత్తినెత్తుకుని వచ్చింది.

"మరి ఆ అయిదు పాకెట్లు ఏం చేద్దాం మామయ్యా?" అని అడిగాను.

"సారు చెప్పలే, వట్టి బొగ్గుపొడే అని? పండ్లు తోముకుందం" అన్నారు.

హాస్యం అనుకున్నాను. అత్తమ్మ నిజంగానే ఒక పాకెట్ విప్పి నాలుగు రోజులు తోముకుని, ఇసుక తగులుతోందని ఉమ్మేసింది. ఎందుకు ఎండిందో, ఎవరు కుట్టారో ఆమె అడగలేదు, మేం చెప్పలేదు.

ఆగస్టు మొదటి వారానికి గ్రౌండు ఆ చివర నుంచి ఈ చివరకి పచ్చబడుతూ వచ్చింది. బొగ్గు లారీలు తిరిగే మూల ఒక్కటి మాత్రం బోడిగానే మిగిలింది. పంద్రాగస్టు పొద్దున ఆ ఆఫీసరు పెద్దసార్లతో వచ్చి, ఒక్క నిమిషం ఆగి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని గడ్డిమీద నడిచాడు. మామయ్య అంచున నిలబడి చూస్తున్నారు. ఆయన చూస్తున్నది గడ్డిని కాదు, ఆ మనిషి మొహాన్ని.

"మేస్త్రీ, నువ్వు ఈడనే ఉండు ఇగ" అన్నాడతను.

మామయ్య "అవ్ సారూ" అన్నారు. అంతే అన్నారు. తర్వాత పంపుషెడ్డు వెనక్కి వెళ్ళి, ఖాళీ అయిన కుప్ప పక్కన చతికిలబడి, తువ్వాలతో మొహం కప్పుకున్నారు. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా వచ్చేశాను. అడక్కుండా ఉండడం నాకూ కొంచెం అలవాటైంది.

అది ఆ పొడి మహిమేనా అని తర్వాత చాలామంది అడిగారు. ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. పేడా బాగా మాగింది. "వాన గొప్పదో, పేడ గొప్పదో, సన్నజీవాలు గొప్పయో నాకేం ఎరుక. మూడింటికీ దండం పెట్టుకుంట" అనేవారు మామయ్య. కుర్ర సారు మాత్రం మోకాళ్ళు చూపించి, "ఇదిగో రుజువు" అనేవాడు. బదిలీ అయి వెళ్ళేదాకా ఏటా తొలకరికి పాకెట్లు తెచ్చాడు. అవి రాగానే మామయ్య నన్ను పిలిచి, నా చేతికే ఇచ్చి, "ఎలుకతోని జాగ్రత్త బిడ్డా" అనేవారు. మా ఆయనకి ఆ మాట ఎందుకో ఈరోజుకీ తెలీదు.

రిటైరయ్యేదాకా ఆయన మళ్ళీ బాయి దిగలేదు. రిటైరయ్యాక కూడా పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళడం మానలేదు. నలుగురున్న చోట కుంటేవారు, మేమిద్దరమే ఉంటే తిన్నగా నడిచేవారు. ఆయన నాకు ఇచ్చినంత నమ్మకం నా సొంత తండ్రి కూడా ఇవ్వలేదని చెప్పడానికి నాకు సిగ్గేం లేదు.

ఒక్క కలవరింత మాత్రం చివరిదాకా ఉండేది. మధ్యాహ్నం కునుకు తీస్తూ, "పైన... పైన చూడు" అని ఉలిక్కిపడి లేచేవారు. లేచి, ముందు ఆకాశం కనిపిస్తోందా అని చూసుకునేవారు. అందుకే ఆయన మంచం ఎప్పుడూ వాకిట్లోనే. నేను ఆ కిరాణా కొట్టాయన్ని "ఎక్కడ?" అని అడిగింది అందుకే. ఆకాశం కింద, వేపచెట్టు నీడలో, చాయ్ తాగి పోయారంటే అమ్మయ్య అనకుండా ఏమనాలి?

ఖమ్మం దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు పట్టుకుని ఇంటికి చేరాను. ఆ సాయంత్రానికి అన్నీ అయ్యాయి. వచ్చినవాళ్ళు వెళ్ళారు. దుఃఖం సంగతి అలా ఉంచండి, నా మనసులో ఇంకొకటి రాయిలా ఉంది. ఆ కాలి సంగతి. ఎన్నడన్న నేనే చెప్త అన్నారు. చెప్పకుండానే పోయారేమో. ఇన్నేళ్ళూ ఆయనతో ఒక మంచం మీద కూర్చుని చాయ్ తాగిన అత్తమ్మకి తెలీనిది నాకు తెలుసు. అది చెప్పాలా, దాచాలా? దాస్తే ఇంకో ఎర్రదారం కుట్టు వేసినట్టే.

అత్తమ్మ వేపచెట్టు కింద ఆయన మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"అత్తమ్మా, మామయ్య కాలు గురించి..."

"ఏందే, కుంటుడు గురించా?" అంది, నావైపు చూడకుండానే. "పోయిన వారమే చెప్పిండు. గీడనే కూసొని చెప్పిండు. నా కాలుకు ఏం లేకుండె, బాయంటె భయమైతుండె, అబద్ధం ఆడిన అన్నడు. చిన్నపిల్లగాని లెక్క తలకాయ వంచుకున్నడు."

గుండెల మీది రాయి దొర్లిపోయింది. "మీరేమన్నారు?"

"ఏమంట? లేచిపోయి ఆయన చెప్పులు తెచ్చి ముందట వెట్టిన. కుంటెటోని చెప్పులు రెండూ ఒక్క తీరుగ అరుగుతయా అని అడిగిన. పదిహేనేండ్ల సంది చూస్తున్న నేను. ఆయనే చెప్తడని ఊకున్న." అత్తమ్మ కొంగుతో కళ్ళు అద్దుకుంది. పెదాలు మాత్రం నవ్వుతున్నాయి. "నవ్విండే. దగ్గొచ్చెదాక నవ్విండు. పానం తేలికైందే అన్నడు."

నేను గుమ్మం వైపు చూశాను. పదకొండో రోజు దాకా ఎవరూ తీయొద్దని అత్తమ్మ అందట. ఆయన చెప్పులు అక్కడే, ఎప్పట్లా పక్కపక్కనే సర్ది ఉన్నాయి. రెండు మడమలూ సమానంగా అరిగి ఉన్నాయి. ఎడమదాని పట్టీ కింద గరిక పోచ ఒకటి ఇరుక్కుని ఉంది, ఇంకా పచ్చగానే.